అరవై మంది పిల్లలు, ఒక్క మైదానం: పీటీ పీరియడ్, సాయంత్రం శిక్షణ నడపడం ఎలా

లాంగ్‌జంప్ పిట్ ఒకటే ఉంది, తరగతిలో 60 మంది ఉన్నారు. ఒక్కొక్కరు పరుగెత్తి దూకి లేచి పక్కకు రావడానికి అర నిమిషం అనుకున్నా, అందరూ ఒక్కసారి దూకేసరికి 30 నిమిషాలు అయిపోతాయి. 45 నిమిషాల పీరియడ్‌లో ఒక్కో బిడ్డ కదిలింది అర నిమిషం. మిగతాదంతా ఎండలో వరుసలో నిలబడటమే. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల బడుల్లో కొత్తగా చేరిన పీఈటీలు (వ్యాయామ ఉపాధ్యాయులు) పీరియడ్ ప్లాన్ రాసుకునేటప్పుడు ముందు ఈ లెక్క వేసుకోవాలి. ఏ ఆట ఆడించాలన్నది తర్వాత చూసుకోవచ్చు. జట్టుకు ఎన్నికైన ఆరుగురికి సాయంత్రం శిక్షణ ఉంది, పీరియడ్ మాత్రం అరవై మందిదీ.

పీరియడ్ నడక

45 నిమిషాలను ఇలా పంచుకోండి: హాజరుకు, గ్రూపులు సర్దుకోవడానికి 5; వార్మప్‌కు 8; అసలు పాఠానికి 20; ఒక చిన్న ఆటకు 7; చివర నెమ్మదిగా నడవడానికి, నీళ్లు తాగడానికి, సామాను లెక్కపెట్టడానికి 5. గ్రూపులను జూన్‌లోనే ఖాయం చేసి ఏడాదంతా అలాగే ఉంచండి. రోజూ కొత్తగా గ్రూపులు విడగొడితే దానికే పది నిమిషాలు పోతాయి. ఆరుగురికి ఒక గ్రూపు చొప్పున పది గ్రూపులు చేసి, లీడరును పదిహేను రోజులకోసారి మార్చండి. ఎప్పుడూ బాగా ఆడేవాడినే లీడరును చేస్తే మిగిలినవాళ్లు ఎదగరు.

పాఠానికి ఐదు చోట్లు పెట్టి, ఒక్కో చోట రెండు గ్రూపులను ఉంచి, 4 నిమిషాలకోసారి తిప్పండి. ఒక చోట జతలుగా 20 మీటర్ల పరుగు, ఇంకో చోట టెన్నిస్ బంతి విసిరి పట్టుకోవడం, మూడో చోట స్కిప్పింగ్, నాలుగో చోట తొక్కుడుబిళ్ళ గళ్లలో ఒంటికాలి గెంతులు, ఐదో చోట ఇసుక పిట్. పిట్ దగ్గర పరుగెత్తి దూకడం వద్దు. పిట్ పొడవు పక్కన నలుగురిని వరుసగా నిలబెట్టి, నిలుచున్న చోటు నుంచి రెండు కాళ్లతో ఇసుకలోకి ఒకేసారి దూకించండి. వెడల్పు 2.75 మీటర్లు ఉంటుంది కాబట్టి హైస్కూలు పిల్లల్లో దాదాపు అందరికీ సరిపోతుంది. నాలుగు నిమిషాల్లో ఒక్కొక్కరికి ఏడెనిమిది జంపులు వస్తాయి. పరుగెత్తి దూకడం సాయంత్రం నేర్పవచ్చు.

సామాను లేదని ఆగిపోవద్దు. లీటరు నీళ్ల సీసాలో మూడో వంతు ఇసుక పోస్తే కోన్ తయారవుతుంది, గాలికి పడదు. పాత మేజోళ్లలో గుడ్డపీలికలు కుక్కి కుడితే బంతి అవుతుంది. అది తగిలినా దెబ్బ ఉండదు కాబట్టి బంతికి భయపడే పిల్లలకు తోలు బంతి కంటే ఇదే మేలు.

విజిల్‌కు అర్థం ఉండాలి. ఒక చిన్న ఊదు మొదలుపెట్టడానికి, రెండు ఊదులు ఉన్న చోటే ఆగడానికి, ఒక పొడవాటి ఊదు దగ్గరికి రావడానికి. మొదటి వారమంతా ఇదే పాఠంగా ఆడించండి. ఊరికే ఊదుతూ ఉంటే పిల్లలు వినడం మానేస్తారు, ప్రమాదం వచ్చిన రోజు ఎవరూ ఆగరు.

వార్మప్ అంటే కాళ్లు చాపి కూర్చుని వేళ్లు అందుకోవడం అన్న అలవాటు చాలా బడుల్లో ఇంకా ఉంది. చల్లగా ఉన్న కండరాన్ని అలా నిమిషాల తరబడి పట్టి లాగితే, ఆ వెంటనే చేసే పరుగులో, గెంతులో చురుకు కాస్త తగ్గుతుంది. ఆ సాగదీత పీరియడ్ చివరికి మార్చండి. మొదట్లో 2 నిమిషాలు నెమ్మది పరుగు, తర్వాత మోకాళ్లు పైకెత్తి నడక, మడమలు పిరుదులకు తగిలేలా పరుగు, పక్కలకు జరగడం, ముందుకు అడుగేసి వంగడం 15 మీటర్ల చొప్పున, చివర 30 మీటర్లు మూడుసార్లు, ప్రతిసారీ వేగం పెంచుతూ. చెమట సన్నగా పట్టాలి, ఆయాసం రాకూడదు.

తప్పు చేసినవాడిని గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టించడం, బస్కీలు తీయించడం మానేయండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షను నిషేధించింది. అది అలా ఉండగా, పరుగును శిక్షగా వాడిన చోట పరుగు మీద ఇష్టం పుట్టదు.

200 మీటర్ల ట్రాక్ గీయడం

మన బడుల్లో 400 మీటర్ల ట్రాక్ పట్టే స్థలం అరుదు. 90 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు ఉంటే నాలుగు లేన్ల 200 మీటర్ల ట్రాక్ పడుతుంది. నేరుగా పరుగెత్తే వైపులు ఉత్తరం-దక్షిణంగా ఉంటే ఉదయం, సాయంత్రం ఎండ కళ్లలో పడదు.

గ్రౌండ్ నడుమ పొడవు వెంట ఒక గీత గీసి, దాని మీద 40 మీటర్ల ఎడంతో రెండు మేకులు కొట్టండి. వాటిని అ, ఆ అనుకుందాం. ఒక్కో మేకు దగ్గర ఆ గీతకు అటూ ఇటూ లంబంగా 18.90 మీటర్ల దూరంలో గుర్తులు పెట్టాలి. సరైన మూల కోసం 6, 8, 10 మీటర్ల త్రిభుజం వాడండి. నాలుగు గుర్తులు వచ్చాక మూల నుంచి ఎదురు మూలకు టేపు పట్టండి. రెండు వైపులా 55.03 మీటర్లు రావాలి. పది సెంటీమీటర్ల తేడా ఉన్నా మూల వంకరపోయిందని అర్థం. అక్కడే ఆగి సరిచేయండి, తర్వాత సరిచేయడం కుదరదు.

ఇప్పుడు అ మేకుకు తీగ కట్టి 18.90 మీటర్ల దగ్గర బయటి వైపు అర్ధవృత్తం గీయండి. పురికొస వాడకండి, లాగితే సాగుతుంది, తడిస్తే ముడుచుకుంటుంది. జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) మంచిది. అదే మేకు నుంచి 20.12, 21.34, 22.56, 23.78 మీటర్ల దగ్గర మిగతా గీతలు వేయండి. లేన్ వెడల్పు 1.22 మీటర్లు కాబట్టి ఈ అంకెలు వచ్చాయి. రెండో మేకు దగ్గరా ఇలాగే చేసి, ఎదురెదురు చివరలను నేరుగా కలపండి. గీత వెడల్పు 5 సెంటీమీటర్లు. ఆ వెడల్పు మొత్తం గుర్తుకు లోపలి వైపే పడాలి.

18.90 ఎందుకంటే, గట్టు లేకుండా గీత మాత్రమే ఉన్న ట్రాక్‌లో పరుగు దూరాన్ని లోపలి గీతకు 20 సెంటీమీటర్లు బయట కొలుస్తారు. అంటే కొలిచే వ్యాసార్ధం 19.10. రెండు వంపులు కలిపి 120 మీటర్లు, రెండు నేరు వైపులు కలిపి 80. మొత్తం 200.

ఇక స్టాగర్, అంటే బయటి లేన్లవాళ్లు ఎంత ముందు నుంచి మొదలుపెట్టాలన్న లెక్క. చాలా బడుల్లో తప్పు ఇక్కడే జరుగుతుంది. పుస్తకాల్లో రెండో లేన్‌కు 7.04 మీటర్లు అని ఉంటుంది. అది లోపల గట్టు కట్టిన ట్రాక్‌ది, అక్కడ మొదటి లేన్‌ను 30 సెంటీమీటర్లు బయట కొలుస్తారు. పొడితో గీసిన ట్రాక్‌లో పూర్తి రౌండుకు రెండో లేన్ 7.67, మూడో లేన్ 15.33, నాలుగో లేన్ 23.00 మీటర్లు ముందుకు రావాలి. ఫినిష్ గీత నేరు వైపు ముగిసే చోట ఉంటుంది కాబట్టి ఈ దూరాలు వంపు మీద పడతాయి. వాటిని ఆ లేన్ లోపలి గీతకు 20 సెంటీమీటర్లు బయట, వంపు వెంబడే కొలవాలి. టేపును నేరుగా లాగితే నాలుగో లేన్ పిల్లకు మీటరు పైనే అదనంగా కలిసొస్తుంది. స్కూల్ మీట్‌లో ఒక మీటరు అంటే పతకమే. వంపు మీద మీటరుకొక చిన్న మేకు గుచ్చి, వాటి వెంట టేపు తిప్పితే సరిపోతుంది.

గీతలకు ముగ్గుపిండి వాడండి. కాల్చిన సున్నం చెమట కళ్లలోకి పోతే కన్ను దెబ్బతింటుంది. గీతలు వేయడానికి ముందు రోజు ఒక తరగతిని వరుసగా నిలబెట్టి, చెప్పులతో నడుస్తూ పల్లేరుకాయలు, గాజుముక్కలు, తుమ్మముళ్లు ఏరించండి. మన ఎర్రనేల మీద గరుసు పైకి తేలితే గట్టి నేల మీద గోళీలు పోసినట్టే, మలుపులో కాలు జారుతుంది. వంపుల్ని ఊడ్చి, నీళ్లు చల్లి, మరునాడు ఆడించండి.

90 మీటర్ల స్థలం లేనివాళ్లు ట్రాక్ కోసం తంటాలు పడవద్దు. నేరుగా 60 మీటర్లు, అవతల ఆగడానికి ఇంకో 15 మీటర్లు ఉంటే చాలు. గోడకు ఐదు మీటర్ల దూరంలో ఫినిష్ గీత పెట్టి పిల్లలను పరుగెత్తించడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

కొలతలు రాసుకోవడం

ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో నాలుగో తరగతి నుంచి పై పిల్లలకు ఎత్తు-బరువు, 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, కూర్చుని ముందుకు వంగడం, 30 సెకన్ల పాటు సగం లేచే కర్లప్‌లు, పుషప్‌లు ఉంటాయి. జూన్ చివర ఒకసారి, నవంబర్ వానలు తగ్గాక ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి పెట్టండి. ఒకే గ్రౌండ్‌లో, ఒకే వేళలో, ఒకే మనిషి స్టాప్‌వాచ్ పట్టాలి. పొద్దున 7 గంటల టైమును మధ్యాహ్నం 3 గంటల టైముతో పోల్చితే అర్థం లేదు. 50 మీటర్లకు స్టార్టర్ జెండా కిందికి దిగగానే వాచ్ నొక్కాలి. చప్పుడు విని నొక్కితే టైము తక్కువ పడుతుంది.

ఈ అంకెలు నోటీసు బోర్డు మీద పెట్టవద్దు. లావుగా ఉన్న బిడ్డ బరువు తరగతి మొత్తానికి తెలిస్తే మరుసటి వారం నుంచి ఆ బిడ్డకు కడుపునొప్పి మొదలవుతుంది. ఎవరి అంకె వాళ్లకే చూపించి, పోయినసారి కంటే ఎంత మారిందో చెప్పండి.

సాయంత్రం జట్టుకు ఎవరిని తీసుకోవాలి

స్కూల్ గేమ్స్ పోటీలు అండర్-14, 17, 19 వయసుల్లో జరుగుతాయి. అండర్-14లో గెలిచేవాళ్లలో ఎక్కువమంది ముందే పొడవు పెరిగినవాళ్లు. ఆడపిల్లలు సుమారు 12 ఏళ్లకు, మగపిల్లలు సుమారు 14 ఏళ్లకు అన్నిటికంటే వేగంగా పెరుగుతారు, కొందరికి రెండేళ్లు అటూ ఇటూ. ఏడో తరగతిలో ఓడిన బక్కపిల్లాడు తొమ్మిదో తరగతికి అందరినీ దాటవచ్చు, అప్పటికి వాడు మైదానం వదిలేసి ఉండకపోతే. అందుకే ఒక్క సెలక్షన్ ఆధారంగా ఎవరినీ తీసేయకండి. వస్తానన్న బిడ్డను రానివ్వండి.

మూడు నెలలకోసారి గోడకు ఆనించి ఎత్తు రాసుకోండి. మూడు నెలల్లో 2 సెంటీమీటర్లు దాటి పెరిగితే ఆ బిడ్డ ఉరుకుడు పెరుగుదలలో ఉందని గుర్తు. ఆ నెలల్లో జంపులు సగానికి తగ్గించాలి. టైము పడిపోయినా, పరుగు తడబడినా తిట్టకూడదు. కాళ్లు పెరిగినంత త్వరగా అదుపు రాదు.

వయసు తగ్గించి రాయించమని అడిగే తల్లిదండ్రులు ఉంటారు. ఒప్పుకోవద్దు. దొరికితే జట్టు మొత్తం పోతుంది, దొరకకపోతే వేరే ఇంటి బిడ్డ స్థానం పోతుంది.

వారం పని

12-14 ఏళ్ల పిల్లలకు వారానికి మూడు సాయంత్రాలు, గంట పావు చొప్పున చాలు. బయట అకాడమీకి వెళ్లేవాళ్లుంటే అన్నీ కలిపి వారానికి ఆ బిడ్డ వయసంత గంటలు దాటనివ్వకండి, పన్నెండేళ్ల బిడ్డకు పన్నెండు గంటలు. వారంలో ఒక రోజు పూర్తి విశ్రాంతి ఉండాలి.

స్ప్రింట్ రోజు: 30 మీటర్లు 6 సార్లు, మధ్యలో 2 నుంచి 3 నిమిషాల విరామం. విరామం ఎక్కువనిపిస్తుంది, కానీ తగ్గిస్తే అది వేగం సాధన కాకుండా అలసట సాధన అవుతుంది. నాలుగో పరుగుకే టైము పడిపోతే ఆపేయండి. చేతులు ఎదకు అడ్డంగా ఊగుతుంటే, "జేబులో నుంచి గడ్డం దాకా" అని ఒక్క మాట చెప్పండి. ఒక పరుగుకు ఒకే సూచన. మూడు చెబితే ఒకటీ నిలవదు.

లాంగ్‌జంప్ రోజు: 7 లేదా 9 అంగల చిన్న పరుగుతో 8 నుంచి 10 జంపులు. పిల్లలు దూకే ముందు కాలు మోపే బోర్డు దగ్గర అడుగులు చిన్నవి చేసి తొక్కుతారు, వేగం అక్కడే చస్తుంది. కారణం బోర్డు వైపు చూపు. చూపు పిట్ అవతలి చెట్టు మీద పెట్టించి, అడుగు సరిపడకపోతే మొదలుపెట్టే గుర్తును వెనక్కో ముందుకో జరపండి. పరుగులో ఏమీ మార్చవద్దు. జంపుల ముందు ప్రతిసారీ ఇసుకను అడుగు లోతు దాకా తవ్వి దువ్వండి. ఎండకు గట్టిపడ్డ ఇసుక, రాత్రి కుక్కలు తిరిగిన ఇసుక, రెండూ ప్రమాదమే.

షాట్‌పుట్‌లో గుండు అరచేతిలో కూర్చుంటే తప్పు. వేళ్ల మొదట్లో, మెడకు ఆనించి ఉండాలి. మోచెయ్యి కిందికి జారితే విసురు అవుతుంది, చెయ్యి బంతి విసిరినట్టు తిరిగి మోచెయ్యి నొప్పి వస్తుంది. గుండు బరువు ఏ వయసుకు ఎంతన్నది ఆ ఏడాది సర్క్యులర్ చూసే ఖాయం చేయండి. మొదటి నెల గుండు లేకుండా, కిలో ఇసుక కుట్టిన సంచితో నేర్పవచ్చు. విసిరిన గుండును తెచ్చేది చేతితోనే, తిరిగి విసరడం ఎప్పటికీ వద్దు.

4×100 రిలేలో మార్పిడి జోన్ ఇప్పుడు 30 మీటర్లు. పాత 20 మీటర్ల లెక్కతో గీసిన గుర్తులు తీసేయండి. బ్యాటన్ పడిపోవడానికి ఎక్కువసార్లు కారణం అందుకునేవాడు వెనక్కి చూడటం, లేదా ఆలస్యంగా బయల్దేరడం. అందుకునేవాడి వెనక 15 నుంచి 20 పాదాల దూరంలో నేల మీద ఒక గుర్తు పెట్టి, ఇచ్చేవాడు దాన్ని దాటగానే వెనక్కి చూడకుండా పరుగు తీయమనండి. కలిసే చోటును బట్టి ఆ గుర్తును పాదం చొప్పున జరపండి.

చెడుగుడు పిల్లలకు ఇష్టం కాబట్టి గంట మొత్తం దానికే పోతుంది. కూతకు 30 సెకన్లు, బోనస్‌కు ఎదుట ఆరుగురో అంతకంటే ఎక్కువమందో ఉండాలి, ఈ రెండూ మొదటి రోజే చెప్పండి. కాలు పట్టును ముందు మోకాళ్ల మీద కూర్చుని నేర్పాలి. బరువులో 5 కిలోలకు మించి తేడా ఉన్న జతలను పట్టుకు దించవద్దు.

అలిపిరి మెట్లు ఎక్కించి దమ్ము పెంచాలని కొందరు చూస్తారు. 3,550 మెట్లు ఎక్కడం మంచి సాధనే, కానీ ప్రమాదం దిగడంలో ఉంది. పరుగున దిగితే ప్రతి మెట్టుకూ మోకాలి చిప్ప మీద బరువు పడుతుంది. ఎక్కితే బస్సులో దిగండి. పైగా అది భక్తుల దారి, అక్కడ రేసులు పెట్టడం తగదు.

ఎండ, నీళ్లు, తిండి

మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు వస్తే గ్రౌండ్ పని ఉదయం 8 లోపే ముగియాలి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది. ఎండకు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. సెలవుల తర్వాత మొదటి వారం పని సగానికి తగ్గించండి. 15-20 నిమిషాలకోసారి అందరినీ ఆపి ఒక గ్లాసు నీళ్లు తాగించండి. దాహం వేస్తే తాగుతారులే అనుకుంటే ఆటలో మునిగిన పిల్లలు తాగరు.

ఎవరైనా తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బ. చెమట పడుతున్నా సరే. అప్పుడు చేయవలసింది ఆసుపత్రికి పరుగు తీయడం కంటే ముందు చల్లబరచడం. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా నీడలో పడుకోబెట్టి, చొక్కా, బూట్లు తీసి, డ్రమ్ములో నీళ్లు ఆపకుండా పోస్తూ, మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు మారుస్తూ, అట్టతో విసరండి. తెలివి తప్పిన బిడ్డ నోట్లో నీళ్లు పోయవద్దు. డ్రమ్ము నిండా నీళ్లు, రెండు తువ్వాళ్లు లేకుండా వేసవి సాధన మొదలుపెట్టకండి.

తిండి విషయంలో పొడి డబ్బాల అవసరం లేదు. బడిలో ఇచ్చే గుడ్డు, చిక్కీ, రాగిజావ, ఇంట్లో సంగటి, పప్పు, ఆకుకూర, గుప్పెడు నానబెట్టిన చెనక్కాయలు సాధన చేసే బిడ్డకు చాలు. అసలు సమస్య ఏమీ తినకుండా రావడం. సాధనకు గంట ముందు ఒక అరటిపండు పెట్టించండి. పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఊరికే అలసిపోతుంటే బద్ధకం అనే ముందు రక్తహీనత ఉందేమో పరీక్ష చేయించండి. వారం వారం ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర అన్నం తిన్నాక మింగిస్తే వికారం తక్కువ.

దెబ్బలు

చీలమండ మడత పడితే మన జిల్లాల్లో మొదట గుర్తొచ్చేది ఎముకలకు వేసే పుత్తూరు నాటు కట్టు. పెద్దల నమ్మకాన్ని తీసిపారేయనక్కర్లేదు, కానీ బిడ్డ విషయంలో ముందు ఎక్స్‌రే తీయించి తీరాలి. ఎదిగే ఎముక చివర ఉండే మెత్తటి పొర కీలును పట్టి ఉంచే లిగమెంట్ కంటే బలహీనం. పెద్దవాళ్లకు బెణుకు అయ్యే దెబ్బ పిల్లలకు ఆ పొర విరుగుడు కావచ్చు. దాన్ని లాగి కడితే కాలు వంకరగా పెరిగే ప్రమాదం ఉంది. అడుగు వేయలేకపోయినా, ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా తిరుపతిలోని రుయా ఆసుపత్రికో చిత్తూరు జిల్లా ఆసుపత్రికో తీసుకెళ్లండి. ఈలోగా గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు, క్రేప్ బ్యాండేజీ, కాలు ఎత్తులో. మొదటి రెండు రోజులు నూనె మర్దన వద్దు.

మోకాలి చిప్ప కింద బొడిపెలా వచ్చి నొప్పి, లేదా మడమ వెనక నొప్పి, ఈ రెండూ 9-15 ఏళ్ల పిల్లల్లో పెరుగుదలతో వచ్చేవే. గెంతులు, గట్టి నేల మీద పరుగు తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటాయి. కుంటుతున్న బిడ్డను మాత్రం పోటీకి దించవద్దు. తలకు దెబ్బ తగిలి మత్తుగా ఉన్నా, వాంతి చేసుకున్నా ఆ రోజుకు ఆట ముగిసినట్టే, డాక్టరు చూడాలి.

ఆడపిల్లలు

ఎనిమిదో తరగతి తర్వాత ఆడపిల్లలు గ్రౌండ్‌కు రావడం తగ్గుతుంది. భారత మహిళల హాకీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన ఎతిమరపు రజని ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె బిడ్డే. అలాంటి వాళ్లు ఇంకా ఎందరు మధ్యలో ఆగిపోతున్నారో అని బాధ కలుగుతుంది. తలుపు వేసుకునే మరుగుదొడ్డి, అలమరాలో శానిటరీ ప్యాడ్లు, ట్రాక్ ప్యాంటు వేసుకునే వీలు, చీకటి పడకముందే ఇల్లు చేరే టైము, ఈ నాలుగూ కుదిరిస్తే చాలామంది ఉంటారు. నెలసరి రోజుల్లో ఆడాలా వద్దా అన్నది ఆ పిల్లే చెప్పాలి. బయటి ఊరికి వెళ్లేటప్పుడు టీచరమ్మ ఒకరు తప్పనిసరి.

పోటీ రోజు

సంచిలో ఎంట్రీ ఫారాలు, ఆధార్, పుట్టినతేదీ పత్రం నకళ్లు, రెండు సెట్ల పిన్నులు, క్రేప్ బ్యాండేజీలు, లీటరు నీళ్లకు ఒకటి చొప్పున ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. ఎప్పుడూ మట్టి మీద వట్టికాళ్లతో పరుగెత్తిన బిడ్డకు ఆ రోజే కొత్త స్పైక్స్ తొడగవద్దు. కనీసం నాలుగు సాధనలు వాటితో జరగాలి. పిలుపుకు 40 నిమిషాల ముందు వార్మప్ మొదలుపెట్టి, 10 నిమిషాల ముందు ముగించండి. సెలక్షన్ దక్కని బిడ్డ పక్కన తిరుగు బస్సులో మీరే కూర్చోండి. ఊరు చేరాక ప్రతి బిడ్డ ఇంటి నుంచీ చేరామన్న ఫోన్ వచ్చాకే రిజిస్టర్‌లో వాళ్ల పేరు ఎదుట టిక్ పెట్టండి.